పొరపాట్లు లేని వార్డు

జూలై 7, సోమవారం

ఈ డైరీ జనవరిలో ఒక మందుల కంపెనీ అబ్బాయి ఇచ్చి వెళ్ళాడు. ఆరు నెలలు బీరువాలో పడి ఉంది. రేపు నాకు ఆపరేషన్ కదా, ఇవాళ ఏమీ తోచక తెరిచాను. డైరీ రాసే తీరిక నాకెప్పుడుంది కనుక?

పిత్తాశయంలో రాళ్ళు. రెండేళ్ళుగా మోస్తున్నాను. హైదరాబాద్ పోదామని ఆయన పట్టుబట్టారు. "నా వార్డు కంటె మంచి వార్డు హైదరాబాద్‌ల ఏడున్నది?" అన్నాను. మా ఆయన సుదర్శన్‌కు నాతో వాదించడం పెళ్ళయిన ఏడాదే మానుకోవాల్సి వచ్చింది. కాబట్టి జనగామలోనే, నేను హెడ్ నర్సుగా ఉన్న మా దవాఖానలోనే, నా నర్సుల చేతుల్లోనే.

గర్వమని కాదు గానీ, రాజీవ్ డాక్టరుగారు ఎవరొచ్చినా, డ్యూటీ మారేటప్పుడు మేం కలిసే హ్యాండోవర్ గదిలో బోర్డు చూపిస్తారు. 'ఈ నెల పొరపాట్లు: సున్నా.' మార్చి తర్వాత ఒక్క నెల కూడా ఆ సున్నా మారలేదు. దవాఖాన ఆయనది, ఆ సున్నా నాది.

మార్చిలో మా నర్సు అఖిల సంగతి జరిగింది. ఒకరి బీపీ మాత్ర ఇంకొకరికి ఇచ్చింది. తానే పరుగెత్తుకొచ్చి చెప్పింది. ఆ పేషెంటుకు ఏమీ కాలేదు. అయినా చెప్పినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోతుందా? మర్నాడు హ్యాండోవర్‌లో అందరి ముందూ నిలబెట్టాను. చేసింది చెప్పమన్నాను. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాను. వారం తిరక్కుండానే మానేసి వెళ్ళిపోయింది. భూపాలపల్లిలో ఏదో క్లినిక్‌లో ఉందట. నాకూ బాధనిపించింది. కానీ వార్డు గాడిలో పడింది.

ఆమె స్థానంలో ఇంకొకరిని తీసుకుందామా అని డాక్టరుగారు అడిగారు. ఉన్నవాళ్ళతో నడుపుతానన్నాను. నడుపుతున్నాను కదా.

మే నెలలో పోశాలు అనే ముసలాయన, నర్మెట్ట వైపు మనిషి, జ్వరమని చేరి, ఉన్నట్టుండి చేయీ కాలూ పడిపోయి వరంగల్ పంపాల్సి వచ్చింది. తలలో రక్తం గడ్డ కట్టిందన్నారట. ఇంకా మంచంలోనే ఉన్నాడట. బీపీ మనిషి. అది మన చేతిలో లేనిది. దాన్ని బోర్డు మీద ఎలా రాస్తాం?

జూలై 8, మంగళవారం

అయిపోయింది. నొప్పిగా ఉంది. రాయలేను.

జూలై 9, బుధవారం

పొద్దున కళ్ళు తెరిచేసరికి మనసు తేలికగా ఉంది. మంచం మీద పడుకుని నా వార్డును చూడటం ఇదే మొదటిసారి. పక్క మంచం మీద స్టేషన్ ఘన్‌పూర్ సత్తెమ్మ, కాలి పుండుతో వచ్చిన మనిషి. తెల్లారినప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉంది.

జావ తాగొచ్చన్నారు. నాకు షుగర్ ఉంది కాబట్టి ముందు ఇన్సులిన్. దీప వచ్చి ఇచ్చింది. చేయి తేలికైన పిల్ల. నెల్లికుదురు దగ్గర తండా నుంచి వచ్చి చదువుకుంది. సూది పక్కన పెట్టిందో లేదో, ఎదురుగా చెత్తడబ్బా మూత తెరిచి ఉండటం చూశాను. "దీపా! అది నీ కండ్లకు కనవడ్తలేదా?" అని అక్కడికక్కడే కేకేశాను. పరుగెత్తింది. మంచం మీదున్నా వార్డును వదల్లేదని సత్తెమ్మ నవ్వింది.

జావ రెండు చెంచాలు కూడా దిగలేదు. వికారం. నిద్ర ముంచుకొస్తోంది.

జూలై 10, గురువారం

నిన్న మధ్యాహ్నం నాకేమైంది?

రాసుకుంటే తెలుస్తుందేమో. నిద్రపోయాను. లేచేసరికి జాకెట్టు, దిండు చెమటతో తడిసి ఉన్నాయి. నోట్లో తియ్యగా ఉంది. చుట్టూ నలుగురు. మధ్యాహ్నం డ్యూటీ మిథున్ నా మొహం తుడుస్తున్నాడు. దీప డ్యూటీ అయిపోయినా పోకుండా కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. "మేడం, మేడం" అంటున్నారు. ఎవరి పేరో గుర్తు రాలేదు. నా పేరు కూడా వెంటనే గుర్తు రాలేదు.

"బీపీ పడిపోయింది మేడం. ఆపరేషన్ తరువాత అయితది గద" అన్నాడు మిథున్.

సరే అన్నాను. నిద్రపోయాను.

పొద్దున చేతివేళ్ళు చూసుకున్నాను. ప్రతి వేలికీ సూది పొడిచిన మచ్చ. బీపీ పడిపోతే వేళ్ళకు ఎవరు పొడుస్తారు? అది షుగర్ చూడటానికి కదా.

అదే రోజు, సాయంత్రం

సత్తెమ్మను అడిగాను. ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"బిడ్డా, నీకు రెండు సూదులిచ్చిన్రు. ఒగటి గా పొల్ల ఇచ్చింది. నువ్వు పండుకున్నంక గా పొల్లగాడొచ్చి ఇంకోటిచ్చిండు. ఇచ్చేముందు నిన్ను లేపుదామని చెయ్యి చాపిండు. మల్ల గుంజుకున్నడు."

"ఎందుకు?"

"నాకేం ఎరుక? నీ మొకం దిక్కు జూసిండు, గుంజుకున్నడు. అటెనుక నువ్వు వణుకుడు వెట్టినవ్. గా పొల్ల ఉరికొచ్చి నీ నోట్లె చక్కెర నీళ్ళు వోసుకుంట ఏడ్సింది. మేడం మేడం అనుకుంట ఏడ్సింది. మేడంకు మాత్రం చెప్పకు అవ్వా అని నా కాళ్ళు వట్టుకున్నది."

మేడంకు మాత్రం చెప్పకు.

మిథున్‌ను పిలిచాను. నిన్న ఏమైందో మళ్ళీ చెప్పమన్నాను. "బీపీ మేడం" అన్నాడు. నా కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు. తడుముకోలేదు. నాకు ఆ రెండో సూది కంటే ఇదే ఎక్కువ తగిలింది. ఇంత బాగా అబద్ధమాడటం ఒక్కరోజులో వస్తుందా?

జూలై 11, శుక్రవారం

దీప డ్యూటీకి రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు.

రాజీవ్ డాక్టరుగారికి అంతా చెప్పాను. మిథున్‌ను పిలిపిస్తే ఆయన ముందు ఒప్పుకున్నాడు. దీప సూది ఇచ్చి కేస్ షీట్‌లో రాయలేదట. ఇతనికి అది ఇవ్వనట్టు కనిపించిందట. డాక్టరుగారు తల పట్టుకున్నారు. "ఇద్దర్ని తీసేద్దాం మేడం. బయటికి పోనీయొద్దు. మనలో మనకే తెలిసిన ముచ్చట."

తీసేయండి అన్నాను. నేను కోపంగా లేను. ఎవరైనా అదే అంటారు.

జూలై 12, శనివారం

అది నేను కాబట్టి బతికాను. సత్తెమ్మ చూస్తూ ఉంది కాబట్టి, దీప ఇంటికి పోలేదు కాబట్టి.

జూలై 13, ఆదివారం

ఇంటికొచ్చాను. నేను కోపంగా లేను. కానీ ఒక విషయం అర్థం కావడం లేదు. ఇన్సులిన్ ఇచ్చేముందు పేషెంటును లేపి అడగాలని ఆ కుర్రాడికి నేనే నేర్పాను. పరీక్ష పెట్టి మరీ నేర్పాను. వాడు చేయి చాపాడు కూడా. అంటే గుర్తుంది. తెలిసీ ఎందుకు వెనక్కి తీసుకున్నాడు?

ఫోన్ చేసి అడిగాను. ఉద్యోగం ఎలాగూ పోయేదే, నిజం చెప్పమన్నాను.

"మీరు పండుకున్నరు మేడం. లేపితే తిడ్తరని..." అన్నాడు.

అంతే. ఇంకేమీ లేదు. తిడతానని.

నన్ను లేపడానికి భయపడి నన్ను చంపబోయాడు.

జూలై 16, బుధవారం

ఇవాళ దీప వాళ్ళ తండాకు వెళ్ళాను. కుట్లు ఇంకా గుంజుతున్నాయి. ఆయన కారు మెల్లగా నడిపారు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ పోయాను. ఒక్కటీ మాట్లాడలేదు.

వాళ్ళ నాన్న మాన్‌సింగ్ పత్తిచేనులో నుంచి వచ్చి మంచం వాల్చాడు. వాళ్ళమ్మ సోమ్లీ కూర్చోమనలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి వాళ్ళ భాషలో కూతురితో ఏదో అంది. లోపలి నుంచి దీప, "యాడీ, ఊకో" అని తల్లిని జరిపి బయటికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎందుకు చెప్పలే దీపా? నాకు అప్పుడే చెప్తే అయిపోవు గద."

ఆ పిల్ల నన్ను అలా చూడటం ఎప్పుడూ ఎరగను. తలెత్తి చూసింది.

"చెప్తే ఏం చేస్తరు మేడం? అఖిలక్క చెప్పింది గద. గట్టిగ చెప్పు, ఇనవడ్తలేదు అన్నరు. నేను ఆమె పక్కనే నిలవడ్డ. ఆమె చెయ్యి నేనే పట్టుకున్న. గా దినమే అనుకున్నం మేడం, అందరం. ఏమైన గానీ ఇగ మేడం దాక పోనీయొద్దని."

"అందరంటే?"

"అందరం."

మాన్‌సింగ్ తలదించుకున్నాడు. సుదర్శన్ కారు దగ్గరికి వెళ్ళిపోయారు.

నేను ఇంకా తప్పు ఎవరిదో తేల్చే పనిలోనే ఉన్నాను. సూది ఇచ్చి ఎందుకు రాయలేదని అడిగాను. రాయడానికి ఎంతసేపు పడుతుందన్నాను.

"రాస్తనే ఉంటి. పెన్ను చేతిలనే ఉంది. మీరు పిలిచిన్రు."

"నేనా?"

"చెత్తడబ్బా మూత, మేడం. మూత వెట్టి వచ్చేటాలకు ప్రసూతి వార్డుల ఒకామెకు రక్తం వోతున్నదని కేకేసిన్రు. రెండు వార్డులకు నేనొక్కదాన్నే. ఉరికిన. వచ్చేసరికి డ్యూటీ మారింది. మిథున్‌కు చెప్పుడు మర్చిపోయిన. తప్పు నాదే మేడం, కాదంటలేను. కానీ మందులిస్తున్నప్పుడు ఎవ్వరు పిల్వకుంటె చాలు. గంతే. ఫోన్ మోగుతది, డాక్టర్ పిలుస్తడు, పేషెంటోల్లు పిలుస్తరు, మీరు పిలుస్తరు. పోకపోతె మీరు అరుస్తరు. పోతె గిట్లయితది."

మంచం పట్టె పట్టుకున్నాను. కుట్ల దగ్గర సన్నగా పోటు.

"ఇంకేమన్న ఉన్నయా? నాకు చెప్పనివి?"

దీప వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత చెప్పింది. సెలైన్ ఒకరిది ఇంకొకరికి పెట్టి మధ్యలో తీసేసింది ఒకటి. చేతులు కడుక్కోకుండానే కట్లు మార్చడం, సబ్బు అయిపోతే నన్ను అడగడానికి భయపడి. అవన్నీ వింటున్నాను, సరే సరే అనుకుంటున్నాను. అప్పుడు అంది:

"పోశాలు తాత పడ్డడు మేడం."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"బాత్రూం కాడ జారి పడ్డడు. తల గోడకు తాకింది. నేను, మిథున్ లేపి మంచం మీద పండవెట్టినం. ఏం గాలే బిడ్డా, నా కొడుక్కు చెప్పకు, పరేషాన్ అయితడు అన్నడు. మంచిగనే మాట్లాడిండు. డాక్టర్‌కు చెప్తే మీకు తెలుస్తది. మీకు తెలిస్తే... చెప్పలే మేడం. తెల్లారి గూడ మంచిగనే ఉండె. ఆ మర్నాడు చెయ్యి లేస్తలేదన్నడు."

అప్పుడు సోమ్లీ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. నా మొహం ఎలా ఉందో మరి.

జూలై 17, గురువారం

నేనెవరినీ కొట్టలేదు. జీతం కోయలేదు. పండగకు చీరలు పెట్టాను. జ్వరమొస్తే ఇంటి నుంచి చారు పంపాను. నేనేమన్నాను? గట్టిగా చెప్పమన్నాను. అంతేగా అన్నది.

జూలై 18, శుక్రవారం

అన్నం సహించలేదు. పోశాలు బక్కపలచటి మనిషి. "సిస్టరమ్మా" అనేవాడు.

జూలై 19, శనివారం

కుట్లు విప్పడానికని వెళ్ళి, రాజీవ్ డాక్టరుగారి గదిలో తలుపు వేసి పోశాలు సంగతి చెప్పాను. ఆయన మొహంలో రక్తం లేదు.

"కొడుకుకు చెప్పాలి" అన్నాను.

"చెప్తే ఏమైతదో తెలుసా మేడం?" అన్నారు. మూడు రోజుల కింద దీప నోట ఇంచుమించు ఇదే మాట విన్నాను.

"తెల్వదు. కానీ చెప్పకపోతే ఏమైతదో తెలిసింది."

ఆయన కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు రోడ్డు చూశారు. నేను వెళ్ళిపోతాననుకున్నారేమో. కూర్చునే ఉన్నాను. చివరికి, "కేసు వేస్తడు" అన్నారు. "వెయ్యనీయుండ్రి" అన్నాను. ఆయనే ఫోన్ చేశారు. చేసినందుకు ఆ మనిషికి దండం పెట్టాలి.

పోశాలు కొడుకు వెంకటేశ్ సాయంత్రమే వచ్చాడు. ట్రాక్టరు నడిపే మనిషి, చేతులకు మట్టి ఇంకా ఉంది. డాక్టరుగారు మొదలుపెట్టారు కానీ సగంలో ఆగిపోయారు. మిగతాది నేను చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు. వార్డు నాది, బాధ్యత నాది అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరిచాడు కూడా, కానీ ముందు అన్న మాట ఇది:

"బాపు పడ్డడని ఒక్కలు చెప్పినా గా రాత్రే వరంగల్ తీస్కపోతుంటి గద మేడం. నా బండి బయటనే ఉండె."



జూలై 21, సోమవారం

వెంకటేశ్ ఫిర్యాదు ఇచ్చాడు. విచారణ ఉంటుందట. డాక్టరుగారు లాయరుతో మాట్లాడుతున్నారు. లాయరు నన్నేమీ మాట్లాడొద్దన్నాడట. అడిగితే అంతా చెబుతానని ఆయనకు చెప్పాను.

మిథున్‌ను, దీపను తీసేయొద్దని కూడా చెప్పాను. తీసేస్తే మిగిలిన వాళ్ళు ఇంకా గట్టిగా నోరు మూసుకుంటారు. ఖాళీగా ఉన్న అఖిల స్థానంలో మనిషిని తీసుకోమన్నాను. ఇన్నాళ్ళూ వద్దన్నది నేనే అని డాక్టరుగారు గుర్తు చేయబోయి, ఆగిపోయి, సరే అన్నారు.

జూలై 23, బుధవారం

భూపాలపల్లి వెళ్ళాను. ఇంత దూరం ఇప్పుడెందుకని మా ఆయన అన్నారు. అని, తనే కారు తీశారు.

గనుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళ మధ్య చిన్న క్లినిక్. అఖిల ఒక పసివాడికి టీకా వేస్తోంది. నన్ను చూసి సూది పట్టుకున్న చేయి ఆపేసింది. నేను బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. ఆ పని పూర్తయి, పిల్లవాడి తల్లికి జాగ్రత్తలన్నీ చెప్పి, రాసుకుని, అప్పుడు వచ్చింది.

"మీరు బయటికి పోయిన్రు, మంచిగయింది మేడం. నా చేయి వణుకుతుండె" అంది.

నాలుగు నెలలైనా నన్ను చూస్తే చేయి వణుకుతోంది.

అంతా చెప్పాను. నా సూదులు, పోశాలు, దీప. పోశాలు సంగతి దగ్గర చేత్తో నోరు మూసుకుంది.

"మళ్ళ రా అఖిలా" అన్నాను. "నీ జాగ నీకే ఉంచిన."

"నేను రాను మేడం."

అంత సూటిగా అంటుందనుకోలేదు.

"ఈడ డాక్టరమ్మ చిన్నామె. మొదటి వారంల నేనొక తప్పు చేసిన. టీకా సీసా బయట వెట్టి మర్చిపోయిన. చెప్పాలంటే భయమైంది, అయినా చెప్పిన. ఆమె ఫస్టు ఏమన్నదో తెలుసా? చెప్పినందుకు మంచిగయింది, లేకుంటె పాడైన మందు పిల్లలకు ఎక్కిస్తుంటిమి అన్నది. తరువాత ఎట్లయిందో అడిగింది. ఫ్రిజ్ దూరం ఉందని చెప్తే ఫ్రిజ్‌నే ఇటు జరిపింది. మేడం, నేను అక్కడ ఉన్నప్పటి కంటె ఈడ ఎక్కువ జాగ్రత్తగ పనిచేస్తున్న. ఎందుకో నాకే తెల్వదు."

నేను నా నర్సులకు క్షమాపణ అనే మాట ఎన్నిసార్లు నేర్పి ఉంటానో. ఆ మాట నా నోటి వెంట రావడానికి ఎంత కష్టపడ్డానో రాయను, కానీ వచ్చింది.

అఖిల తల ఊపింది. క్షమించానని మాత్రం అనలేదు. లేచేటప్పుడు, "నాకు ఒక్కదానికే చెప్తె ఏం లాభం మేడం? గా దినం చూసినోల్లంత ఆడనే ఉన్నరు" అంది.

జూలై 28, సోమవారం

ఇవాళ డ్యూటీలో చేరాను. దీప కూడా వచ్చింది. మిథున్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

హ్యాండోవర్‌లో అందరినీ కూర్చోమన్నాను. మేమెప్పుడూ నిలబడే చేస్తాం, కుర్చీలు సరిపోలేదు, పక్క గదిలో నుంచి తెచ్చుకున్నారు. నేను నిలబడ్డాను. మార్చిలో అఖిల విషయంలో చేసింది తప్పన్నాను. వెనక ఉన్నవాళ్ళకు వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాను. నాకు రెండుసార్లు ఇన్సులిన్ ఎలా పడిందో, అందులో నా పాలెంతో చెప్పాను. పోశాలు తల గోడకు తాకిన సంగతి నాకెందుకు చేరలేదో చెప్పాను. ఇక మీదట మందులిచ్చే మనిషిని ఎవరూ పిలవొద్దన్నాను, నేనైనా సరే. పడుకున్నవాళ్ళను లేపి అడగమన్నాను, అది నేనైనా సరే.

నాలుక చివర ఒక ఉపన్యాసం వచ్చి కూర్చుంది. మింగేశాను.

దీప లేచింది. కూర్చునే చెప్పమన్నాను. కూర్చోలేదు.

"మేడం, పొద్దుగాల ఒకాయనకు సూది మందు తప్పు తీసిన. ఎక్కియ్యలే. చేతిల వట్టుకున్నంక చూసుకున్న."

కోపం వచ్చింది. ఇది ఎవరి కోసమూ రాయడం లేదు కాబట్టి నిజమే రాస్తున్నాను. ఇంత జరిగాక కూడా, అదే పిల్ల, అదే రోజు! వేడి మెడ దాకా వచ్చింది. అందరూ నా మొహమే చూస్తున్నారు, సీసా పగులుతుందేమోనని చూసినట్టు.

"ఆయన ఎట్లున్నడు?" అని అడిగాను.

"మంచిగున్నడు మేడం."

"ఎట్లయింది?"

"రెండు సీసాలు ఒకే తీరుగ ఉంటయి. ఒకే అరల పక్కపక్కన వెట్టినం. తొందరల..."

"నాక్కూడ రెండుసార్లయింది" అంది వెనక నుంచి ఎవరో. "నాకు గూడ" అన్నాడు మిథున్. అని, తనే ఉలిక్కిపడ్డాడు.

ఆ సీసాలను వేరు చేయమన్నాను. ఇద్దరు లేచి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేలోపు ఇంకొకామె మొదలుపెట్టింది. ఆమె ఆపగానే ఇంకొకరు. కొన్ని చిన్నవి. కొన్ని కావు. నేనూ ఒక కుర్చీ లాక్కున్నాను. ఏడేళ్ళుగా నేను నడుపుతున్నాననుకున్న వార్డు వేరు, వీళ్ళు చెబుతున్న వార్డు వేరు. పేషెంట్లు పడుకునేది మాత్రం వీళ్ళు చెబుతున్న దాంట్లోనే.

"ఇంకా?" అన్నాను.

తలుపు దగ్గర ప్రసూతి వార్డు వాళ్ళు ఇద్దరు వచ్చి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు తొంగిచూశారు. కుర్చీలు లేవు. జరిగి చోటిచ్చాం.